చెడ్డ కబురుకు ముద్ర

ఒకానొక రాజ్యంలో నోళ్ళకు కొదవ లేదు గానీ, తెరిచే ధైర్యానికే కరువు. అక్కడి రాజు ప్రతాపమల్లుడు "మా రాజ్యంలో ఎవరైనా ఏమైనా మాట్లాడవచ్చు" అని గొప్పగా చాటించాడు. చెడ్డ కబురైతే మాత్రం ముందు మంత్రిగారి ముద్ర వేయించుకోవాలి. లేకుంటే నాలుక కోస్తారు. ముద్ర పడిన చెడ్డ కబురును ఇంతవరకూ విన్నవాడు లేడు.

ఆ వానాకాలం పెద్దచెరువు కట్ట బీటలిచ్చింది. దండోరా వేసే మైసయ్య పొద్దున్నించీ మంత్రిగారి వాకిట పడిగాపులు పడి, ఇక ఆగలేక పల్లపు వీధుల్లో డప్పు కొట్టాడు. జనం పిల్లాజెల్లాతో మెరకకెక్కి బతికిపోయారు. ఆ సాయంత్రమే కట్ట తెగింది. కట్ట కట్టించింది రాజుగారు కాబట్టి, తప్పు కట్టది కాకుండా మైసయ్యది అయింది. ఎల్లుండి నాలుక కోయాలని తీర్పు.

ఆ తీర్పు విని ఆస్థాన విదూషకుడు గుండన్నకు కడుపు రగిలిపోయింది. ఊరిని బతికించినవాడికి కత్తి, ముంచినవాడికి హారతి! పైకి మాత్రం నవ్వుతూ, రాజుగారి భోజనాన్ని ముందుగా రుచి చూసే పేరయ్య చెవిలో ఏదో ఊదాడు.

మర్నాడు మధ్యాహ్నం పరమాన్నం వచ్చింది. ఆనవాయితీ ప్రకారం పేరయ్య కాస్త నోట్లో వేసుకున్నాడు. ముఖం వంకర్లు పోయింది గానీ పెదవి విప్పలేదు. రాజు నోటినిండా పెట్టుకుని, థూ అని ఉమ్మేశాడు.

"ఓరి దౌర్భాగ్యుడా! ఇంత చేదని తెలిసీ చెప్పవేం?"

"చెడ్డ కబురు గదా ప్రభూ! ముద్ర కోసం మనిషిని పంపాను. మంత్రిగారు కునుకు తీస్తున్నారట."

గుండన్న ముందుకొచ్చి చేతులు కట్టుకున్నాడు. "అందులో కాకర రసం కలిపించింది నేనే, మహారాజా. రేపు ఎవడైనా విషం కలిపినా, పేరయ్య ముద్ర కోసం కాచుకోవలసిందే కదా! నాలుక మీద తీపి ఎవరికుండదు?"

రాజు ముఖంలో నెత్తురు చుక్క లేదు. కాసేపటికి తేరుకుని పగలబడి నవ్వాడు.

"భలేవాడివిరా గుండన్నా! ఏం కావాలో కోరుకో."

"మైసయ్య నాలుక, మహారాజా. అది వాడి నోట్లోనే ఉండనివ్వండి."

"ఇచ్చాం పో!" అంటూ రాజు తన కడియం కూడా తీసి గుండన్న చేతికి తొడిగాడు. చట్టాన్నీ అప్పటికప్పుడే సవరించాడు.

ఆ సవరణను చాటే పని మైసయ్యకే పడింది. అటొక భటుడు, ఇటొక భటుడు. గుండన్న వెనకాలే నడిచాడు. పల్లపు వీధిలో డప్పు మోగింది.

"రాజుగారి పళ్ళెంలోని చెడు ఇకమీదట ముద్ర లేకుండానే చెప్పవచ్చహో!"

ఇంట్లోంచి బురద ఎత్తిపోస్తున్న ముసలమ్మ నడుం పట్టుకుని లేచింది. "మరి మళ్ళీ మా ఇళ్ళమీదికి నీళ్ళొస్తేనో, మైసయ్యా?"

మైసయ్య భటుల వంక చూశాడు, గుండన్న కడియం వంక చూశాడు. గుండన్న సిగ్గుతో తల దించుకున్నాడు.

"దానికి ముద్ర కావాలి పెద్దమ్మా" అన్నాడు మైసయ్య.