పైడాలు మూడో పడవ

అనగా అనగా, ఏరు ఇంకా తన దారి వెతుక్కుంటున్న రోజుల్లో, ఒక రేవు ఊరు. ఆ ఊళ్ళో పైడాలు అనే ముసలమ్మ. పడవ చెక్కల సందుల్లో కొబ్బరిపీచు కుక్కి, పైన గుగ్గిలం పూసి, నీళ్ళు రాకుండా చెయ్యడం ఆమె పని.

అదే ఊళ్ళో చదువూ పనీ లేని కుర్రకారు ఉండేవారు. పొద్దున్న రేవులో కూర్చునేవారు. మధ్యాహ్నం రేవులో కూర్చునేవారు. సాయంత్రం కోళ్ళు పట్టుకుపోయేవారు.

"ఊరి గాదెలో గింజలున్నాయి. వాటితో కాపలావాళ్ళని పెడదాం," అన్నాడు ఊరిపెద్ద సింహాద్రినాయుడు.

"ఆ గింజలు ఈళ్ళకే పెట్టు నాయుడుబాబూ. తింటా పని నేర్చుకుంటారు," అంది పైడాలు.

"కోళ్ళ దొంగలకి కూడు కూడానా?"

"కూడుంటే కోడెందుకు బాబూ?"

నాయుడు నవ్వాడు. "సరే, గింజలిస్తాను. వరదొచ్చి తగ్గేలోగా ఏరు దాటి తిరిగొచ్చే పడవ చూపించు. లేదంటే ఈళ్ళు ఊరొదిలి పోవాల."

మొదటి పడవకి కుర్రాళ్ళు పీచు వదులుగా కుక్కారు. రేవులోనే మునిగింది. ఊరంతా నవ్వింది.

రెండో పడవకి పౌరుషంకొద్దీ సుత్తితో బిగించి కుక్కారు. నీళ్ళలో చెక్క ఉబ్బింది. ఉబ్బడానికి చోటు లేక సందులు విచ్చుకున్నాయి. ఏటి మధ్యలో మునిగింది. కుర్రాళ్ళు ఈదుకొచ్చారు. ఈసారి ఎవరూ నవ్వలేదు. నాయుడు గాదెకి తాళం వేశాడు.

పైడాలు వెళ్ళి గాదె గుమ్మంలో కూర్చుంది.

"నా మొదటి పడవా మునిగింది, రెండోదీ మునిగింది. అప్పుడు మా అయ్య గింజలు తిన్నాను. ఈళ్ళకి పెట్టే అయ్య లేడు. ఊరే పెట్టాల."

"మూడోదీ మునిగితే?"

"అందులో నేనుంటాను."

తాళం తీశారు.

మూడో పడవకి చెక్క ఉబ్బే చోటు వదిలి కుక్కారు. అప్పటికే ఏరు ఎర్రగా పొంగుతోంది. పైడాలు పడవలో కూర్చుని అడుగున అరచెయ్యి ఆనించింది.

"మామ్మా, నీళ్ళొచ్చాయా?" అడిగాడు తెడ్డు వేస్తున్న కుర్రాడు గవరయ్య.

"లేదు. వెయ్యి."

సుడి తగిలింది. పడవ గిర్రున తిరిగింది.

"మామ్మా, వచ్చాయా?"

"లేదు. వెయ్యి."

అవతలి గట్టు తాకి వెనక్కి తిప్పారు.

"మామ్మా?"

"వెయ్యరా, మాటలాపి."

రేవు చేరాక నాయుడు తానే పడవలోకి దిగి అడుగు తడిమాడు. పొడి. గాదె తాళంచెవి తీసి ఆమె ఒళ్ళో పడేశాడు.

పైడాలు పోయి ఎన్ని తరాలైందో ఎవరికీ తెలీదు. ఇప్పటికీ ఆ ఊళ్ళో కోత కాగానే, పని నేర్చుకునేవాళ్ళ గింజలు ముందు గాదెలో పడతాయి. ఎవరైనా పని చెడగొట్టి తల దించుకుంటే పెద్దలు తిట్టరు. "ఎన్నో పడవ?" అని అడుగుతారు. మొదటిదన్నా, రెండోదన్నా, ఇంకో ముద్ద వడ్డిస్తారు.