మూడో గుర్తు చూడని ముల్లమ్మ

అనగనగా ఒక అడవిలో, నల్లమద్ది చెట్టు తొర్రలో, ఒక తేనెటీగల ఇల్లు ఉండేది. ఎంత పెద్ద ఇల్లంటే, పొద్దున్నే పనికి బయలుదేరిన వాళ్ళలో ఆఖరి ఈగ గడప దాటేసరికి మొదటి ఈగ పని ముగించుకుని తిరిగి వచ్చేసేది. నవ్వకండర్రా, ఉన్న మాటే చెబుతున్నా.

ఆ ఇంటికి తల్లి రాణమ్మ. గుడ్లు పెట్టేది ఆవిడ ఒక్కతే. ఇంటి పనంతా నడిపించేది మాత్రం ముల్లమ్మ. ముల్లమ్మకు పనంటే ప్రాణం. పని చెయ్యనివాణ్ణి చూస్తే ఒళ్ళు మంట.

పని చెయ్యనివాళ్ళు ఆ ఇంట్లో ఉన్నారు మరి. వాళ్ళే పోతుటీగలు, అంటే మగ ఈగలు. పెద్ద పెద్ద కళ్ళు, గుండ్రటి పొట్ట. తేనె తెచ్చేది లేదు, కాపలా కాసేది లేదు. తినడం, ఎండ కాగడం, మళ్ళీ తినడం.

చలికాలంలో పూలు తగ్గిపోయాయి. ఇంట్లో తేనె అడుగంటింది. ముల్లమ్మ ఒక్కొక్క పోతుటీగనూ రెక్క పట్టుకుని గడప అవతలికి ఈడ్చేసింది. అందరికన్నా ఆఖరివాడు బొద్దన్న.

"అక్కా, నాకు ముల్లు లేదు, పని రాదు, ఒప్పుకుంటాను. కానీ నాతో పనిపడే రోజు ఒకటి ఉంటుంది" అన్నాడు బొద్దన్న.

"ఆ రోజు వస్తే కబురు పెడతాలే, పో" అంది ముల్లమ్మ.

బయట చలికి వాడు రెండు రోజులు కూడా బతకలేదు.

చలి పోయింది. మోదుగలు పూశాయి. మద్దిచెట్లు మొగ్గ తొడిగాయి. ఇల్లు తేనెతో, పిల్లలతో పొంగిపోయింది. కాలు పెట్టే చోటు లేక ఒకళ్ళ మీద ఒకళ్ళు ఎక్కి నడుస్తున్నారు. ముల్లమ్మ రాణమ్మ దగ్గరికి వెళ్ళింది.

"అమ్మా, ఇక వేరు పడదాం. నువ్వు సగంమందిని తీసుకుని కొత్త చోటుకి వెళ్ళు. మిగతా సగం ఇక్కడే ఉండి కొత్త రాణిని పెంచుకుంటాం" అంది.

రాణమ్మ తల అడ్డంగా ఊపింది.

"వేరు కాపురానికి మూడు గుర్తులు చూడాలి తల్లీ. ఇల్లు నిండాలి. పూలు పుయ్యాలి. ఆకాశంలో పోతుటీగలు ఎగరాలి. మొదటి రెండూ వచ్చాయి, మూడోది రాలేదు. పోతుబిడ్డల గుడ్లు ఇప్పుడే పెట్టాను. ఇంకొక్క నెల ఆగు."

"రెండు గుర్తులు వచ్చాయి, చాలదా? ఆ తిండిపోతుల కోసం ఇంత బలమైన ఇల్లు ఆగాలా?" అంది ముల్లమ్మ.

అనడమే కాదు. రాణమ్మ చూడకుండా పోతుబిడ్డల గుడ్లున్న అరలన్నీ ఊడ్చేసి తేనె నింపించింది. వేరుశెనగకాయంత గది కట్టించి, అందులో ఒక ఆడబిడ్డను రాణి కావాలని పెంచింది. ఒక ఇంట్లో ఇద్దరు రాణులు ఇమడరు. ఆ గదికి మూతపడగానే రాణమ్మ సగంమందితో వాగు అవతలి బండ సందులోకి వెళ్ళిపోయింది.

వారం తిరగకుండా కొత్త రాణి బయటికి వచ్చింది. పేరు పసిడి. బంగారు తీగలా ఉంది పిల్ల.

తేనెటీగల రాణికి పెళ్ళి ఆకాశంలో జరుగుతుంది. పెళ్ళయితేనే ఆమెకు పనిచేసే ఆడపిల్లలు పుడతారు. పసిడి మొదటి రోజు ఎగిరి వెళ్ళి వచ్చింది.

"ముల్లక్కా, పైన ఎవరూ లేరు" అంది.

"రేపు వస్తార్లే" అంది ముల్లమ్మ.

రెండో రోజు కొండ దాకా వెళ్ళి వచ్చింది. "గద్ద కనిపించింది గానీ పెళ్ళికొడుకు కనిపించలేదు" అంది.

మూడో రోజు చీకటి పడబోతుండగా వచ్చింది. రెక్క చివర చిరిగి ఉంది. "ఆకాశమంతా తిరిగాను అక్కా. ఒక్కడంటే ఒక్కడు లేడు."

అప్పుడు తట్టింది ముల్లమ్మకు. తాను పట్టి ఈడ్చిన రెక్కలన్నీ కళ్ళముందు తిరిగాయి. ఆ అడవిలో వాళ్ళ ఇల్లు, రాణమ్మ కొత్త కాపురం తప్ప వేరే తేనెటీగల ఇల్లే లేదు. రాణమ్మ ఇంట్లో పోతుబిడ్డలు ఇంకా పుట్టనేలేదు. ఇంకెక్కడి నుంచి వస్తారు పెళ్ళికొడుకులు?

మూడు వారాల్లో పసిడికి పెళ్ళి ఈడు దాటిపోయింది. అయినా ఒకరోజు గుడ్లు పెట్టింది. ఇల్లంతా ఊపిరి పీల్చుకుంది.

"చూశారా, మూడో గుర్తు లేకపోయినా ఇల్లు నిలబడింది" అంది ముల్లమ్మ. ఆ బిడ్డలకు తానే దగ్గరుండి పుప్పొడి తినిపించింది.

బిడ్డలు బయటికి వచ్చే రోజు రానే వచ్చింది. అందరూ అరల చుట్టూ చేరారు. మొదటి బిడ్డ మూత కొరుక్కుని తల బయట పెట్టింది. పెద్ద పెద్ద కళ్ళు, గుండ్రటి పొట్ట. రెండో బిడ్డ. పెద్ద పెద్ద కళ్ళు, గుండ్రటి పొట్ట. మూడో బిడ్డా అంతే, నూరో బిడ్డా అంతే.

అందరూ పోతుటీగలే. పనిచేసే పిల్ల ఒక్కతీ లేదు. పెళ్ళి కాని రాణి గుడ్లలోంచి పుట్టేది పోతుటీగలే మరి.

ఒకడు దొర్లుకుంటూ ముల్లమ్మ దగ్గరికి వచ్చి, "అక్కా, ఆకలి" అన్నాడు. ముల్లమ్మ ఉన్నచోటే చతికిలబడిపోయింది.

రోజూ ముసలి ఈగలు రాలిపోతున్నాయి. వాళ్ళ చోటు నింపేవాళ్ళు లేరు. ఆఖరికి మిగిలిన గుప్పెడుమంది కడుపునిండా తేనె నింపుకుని రాణమ్మ దగ్గరికి బయలుదేరారు.

"నువ్వూ రా తల్లీ" అంది ముల్లమ్మ పసిడితో.

"ఒక ఇంట్లో ఇద్దరు రాణులు ఇమడరు కదక్కా, నేనెలా వస్తాను? నన్ను పెంచేముందు నువ్వు ఒక్కసారి ఆకాశం వైపు చూసి ఉండాల్సింది" అంది పసిడి.

ఆ తర్వాత పసిడి ఏమైందని అడక్కండర్రా. చెప్పడం నా వల్ల కాదు.

బండ సందు దగ్గర రాణమ్మ ఎందుకొచ్చారని అడగలేదు. "లోపలికి రండి" అంది, అంతే. గడప మీద ఒక కొత్త పోతుటీగ దారికి అడ్డంగా పడుకుని ఎండ కాగుతున్నాడు.

"అక్కా, కాస్త తేనె పెట్టవూ" అన్నాడు.

అందరూ ముల్లమ్మ వైపే చూశారు. ముల్లమ్మ వాడి పక్కన కూర్చుంది. అంత దూరం నుంచి మోసుకొచ్చిన తేనె వాడి నోటికి అందించింది.

"తిను నాయనా. నీతో పనిపడే రోజు ఒకటి ఉంటుంది" అంది.

నీతి: బలం వచ్చింది కదా అని వేరు పడకూడదు, రేపటికి కావలసినవన్నీ సమకూరాకే వేరు పడాలి. ఇవాళ పనికిరాడని గెంటేసినవాడి కోసం రేపు వెతికినా దొరకడు.