గుంట పందెం, గుట్ట పందెం

బూడిదగుట్ట అడవిలో ఆ వేసవి జంతువులన్నింటికీ డర్ట్ బైకుల పిచ్చి పట్టింది. కుందేలు మొదలుకొని అడవిపంది దాకా ఎవరిని కదిలించినా ఇంజిను మాట, లేదంటే టైరు మాట. కాలినడకన పోయేవాణ్ణి చూస్తే నత్త కూడా నవ్వేది.

ఆ ఊపు చూసి ఇద్దరు పెద్దలు చెరో పందెం పెట్టారు. ఇద్దరికీ పడదు కాబట్టి ఒకే రోజు, ఒకే వేళకి పెట్టారు.

నెమలి పెట్టింది స్టేడియం పందెం. మనుషులు రాళ్ళు కొట్టుకుని వదిలేసిన క్వారీ గుంటలో మెత్తటి మట్టి పోయించి, ఎగరడానికి ఎత్తయిన మిట్టలు కట్టించి, చుట్టూ చూసేవాళ్ళకి మెట్లు వేయించింది. గెలిస్తే ఇత్తడి కప్పు, పూలదండ, అడవంతా చప్పట్లు. ముసలి ఎద్దు మైలన్న పెట్టింది గుట్ట పందెం. రాళ్ళదారిన గుట్టెక్కి, అవతల వాగు దాటి, చుట్టు తిరిగి రావాలి. చూసేవాడుండడు. గెలిచినవాళ్ళకి మాత్రం వాగొడ్డు పుచ్చపాదులు వేసవంతా సొంతం.

ఆ పుచ్చకాయల మీద కుచ్చుతోక నక్క కన్ను పడింది. బైకు నడపడం దానికి అంతంతమాత్రమే. ‘నడపడం రాకపోతేనేం, నాలుక ఉందిగా! పోటీకి ఎవరూ రాకపోతే పాకుతూ పోయినా మొదటివాణ్ణే’ అనుకుని బయల్దేరింది.

ముందు బురదలో పొర్లుతున్న గుండప్ప అనే అడవిపంది దగ్గరికి పోయింది.

“అల్లుడూ, ఏ పందేనికి?”

“గుట్టకే మామా. నా ఒంటికి ఇరుకు చోటు పడదు.”

“పిచ్చివాడా! గుట్ట మీద జారావంటే లోయలోంచి ఎంత అరిచినా వినే నాథుడుండడు. నిన్ను వెతుక్కుంటూ వచ్చేది రాబందు ఒక్కటే. అదే స్టేడియమనుకో, కింద మెత్తటి మట్టి, పక్కనే సంచీతో కొంగ వైద్యుడు. పడ్డా చప్పట్లే, లేచినా చప్పట్లే!”

“నిజమేనంటావా?”

“నీ మీద ప్రేమ కొద్దీ చెబుతున్నా. నాకేం లాభం?”

చెప్పేవాడికి వినేవాడు లోకువ. గుండప్ప అప్పటికప్పుడు లేచి నెమలి దగ్గరికి పోయి పేరిచ్చింది. దాని వెనకే కుందేలు, కోతి, దుప్పి, ముళ్ళపంది, ఇంకా ఎవరెవరో. మిగిలింది ఎర్రచెవి అనే కొండమేక.

ఎర్రచెవి ఇద్దరు పసిపిల్లల తల్లి. ఆ ఏడు ఎండలకి గడ్డి మాడిపోయి, దాని పొదుగులో పాలు ఇంకిపోతున్నాయి. నక్క దానికీ అదే పాట పాడింది.

“నువ్వు పోతే నీ పిల్లల గతేంటి కోడలా? వాళ్ళ మొహం చూసైనా స్టేడియంలో చేరు.”

పిల్లల మాట ఎత్తేసరికి ఎర్రచెవి గుండె జారింది. ఆలోచిస్తూ మైలన్న దగ్గరికి వెళ్ళింది.

“తాతా, దాచకుండా చెప్పు. ఏది ముప్పు?”

మైలన్న నెమరు ఆపి అంది. “రెండూ ముప్పే తల్లీ. గుంటలో వైద్యుడు దగ్గరుంటాడు, నిజమే. కానీ అక్కడ నీ బండి నీ చేతిలో ఉన్నా, పక్కవాడి బండి నీ మీదికొస్తుంది. గుట్ట మీద ఎవడూ నీ మీద పడడు. కానీ అలసిపోయి నువ్వే రాయికి తగులుకుంటే లేపేవాడుండడు. ఇంతకీ నీకు కావలసిందేంటి? చప్పట్లా, మేతా?”

“చప్పట్లు మేస్తే నా పిల్లలకి పాలొస్తాయా తాతా?”

“మరి నన్నెందుకు అడుగుతావు?”

పందెం రోజు గీత దగ్గర ఎర్రచెవిని చూడగానే నక్క మొహం మాడిన అట్టులా అయింది.

“వద్దన్నా వచ్చావే కోడలా!”

“ఇంత భయంకరమైన చోట నిన్ను ఒంటరిగా ఎలా వదలను మామా?”

మైలన్న తల ఊపగానే నక్క బండిని దుమ్ము లేపుకుంటూ ఉరికించింది. ఎర్రచెవి తొందరపడలేదు. ఎక్కుడులో రాయి రాయీ చూసుకుంటూ, చేతుల్లో సత్తువ మిగుల్చుకుంటూ నడిపింది. గుట్ట కొసకి చేరేసరికి ముందు నక్కా లేదు, దాని దుమ్మూ లేదు. పిల్లలు కళ్ళలో మెదిలాయి. అయినా వేగం పెంచలేదు.

అక్కడ నక్క దిగుడులో పోతూ పోతూ, మేక ఎంత వెనకబడిందో చూసి మురుద్దామని మెడ తిప్పింది. ముందు చక్రం బండకి కొట్టుకుంది. బండి ఒకపక్కకి, నక్క ఒకపక్కకి ఎగిరి, రెండూ ముళ్ళపొదల లోయలోకి దొర్లాయి.

“కాపాడండి! ఎవరైనా ఉన్నారా!”

ఎవరుంటారు? అడవంతా స్టేడియం మెట్ల మీద కూర్చుంది.

చాలాసేపటికి ఎర్రచెవి బండి చప్పుడు దగ్గరైంది. లోయ అంచున ఆపి తొంగి చూసింది.

“ఏం మామా, పుచ్చకాయలు అక్కడ కూడా కాశాయా?”

“వేళాకోళం తర్వాత! కాలు విరిగింది. లాగు తల్లీ!”

“లాగుతా. పైకొచ్చాక, నేను తీగ విప్పే లోపు నా బండెక్కి ఉడాయించవుగా?”

“ఒంటికాలితోనా? నీకంత అనుమానమైతే, కాయలు చెరిసగం. సరేనా?”

ఎర్రచెవి ఇంజిను గర్జించేలా చేసింది.

“ఆగాగు! అన్నీ నీవే! తొక్కలు కూడా నీవే! నీ కాళ్ళు పట్టుకుంటా!”

అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు. ఎర్రచెవికి ఒక్క క్షణం వదిలేసి పోదామనిపించింది. కానీ ఆ మూలుగు నటన కాదని చెవికి తెలుస్తూనే ఉంది. అడవితీగ ఒక కొస చెట్టుకి కట్టి, రెండోది కిందికి వేసి, గిట్టలు బండకి తన్నిపెట్టి నక్కని పైకి లాగింది. తన వెనక కూర్చోబెట్టుకుని, వాగు దాటించి, గీత దాకా తెచ్చింది.

గీత దాటీ దాటగానే నక్క గొంతు సవరించుకుంది. “మైలన్నా, ఇద్దరం ఒకేసారి దాటాం. అంటే పందెం సమానమేగా?”

మైలన్న దాని మొహంలోకి చూసింది. “నీ బండేదిరా?”

గీత దగ్గర ఎదురుచూస్తున్న ఎర్రచెవి పిల్లలు అప్పుడే పాదుల్లోకి పరుగెత్తి లేత తీగలు కొరుకుతున్నాయి. పొట్ట ఎండిన పిల్లలు అంత ఉరుకు ఉరకడం చూసి ఎర్రచెవి కళ్ళు తుడుచుకుంది.

నక్క కుంటుకుంటూ కొంగ వైద్యుణ్ణి వెతుక్కుంటూ స్టేడియానికి పోయింది. అక్కడ చూస్తే తిరునాళ్ళే. మొదటి మలుపులోనే ఇరుకులో బండ్లన్నీ ఒకదాని మీద ఒకటి పడ్డాయట. కుందేలుకి చెవి చిరిగింది, కోతికి తోక నలిగింది, దుప్పికి కొమ్ము విరిగింది. ఆ కుప్పలోంచి గుండప్ప ఒక్కటే అందరినీ తోసుకుని బయటపడి గెలిచింది. కాలికి కట్టు, మెడలో దండ, ఒళ్ళో కప్పు. నక్కని చూసి దాని మొహం వెలిగిపోయింది.

“మామా! నువ్వు చెప్పింది అక్షరాలా నిజం. పడ్డా చప్పట్లే! నువ్వూ ఇక్కడికే రావాల్సింది!”

నక్క పళ్ళికిలించి వైద్యుడి వైపు తిరిగింది. “అయ్యా, కాలు...”

కొంగ తలెత్తలేదు. “వరసలో నిలబడు. కట్లు అయిపోయాయి, ఆకులు కోసుకు రావాలి. ఈ అడవిలో రెండు పందేలుంటే అందరూ ఒక్కచోటే ఎందుకు చచ్చారో నాకర్థం కాదు. ఎవడో వెధవ మంచి సలహా ఇచ్చుంటాడు.”

“ఎవడో!” అంటూ నక్క ఒంటికాలి మీద ఆ వరస చివరికి నడిచింది.

ముప్పు గురించి ఎవడైనా మనకు సలహా చెబితే, ఆ సలహాలో వాడి వాటా ఎంతో ముందు చూసుకోవాలి.