మందారమాల మీసం

అనగనగా ఒక రాజు. పేరు కీర్తిధ్వజుడు. రాజన్నాక ఏడుగురు కొడుకులుండాలని మీరంతా అనుకుంటారు గానీ, ఈయనకున్నది ఒక్క కూతురే. మందారమాల. తల్లి పురిట్లోనే పోతే దాది నూకాలు పెంచింది.

పదమూడో ఏడు వచ్చేసరికి ఆ పిల్లకు పైపెదవి మీద నూగు మొదలైంది. తర్వాత అది నల్లబడింది. తర్వాత గడ్డం కింద కూడా నాలుగు వెంట్రుకలు మొలిచాయి. మొలిస్తే మొలిచాయి! పిల్ల తింటోంది, తిరుగుతోంది, గుర్రం ఎక్కుతోంది. కానీ రాజుగారికి తల కొట్టేసినట్టయింది. కూతుర్ని దగ్గరికి రానివ్వడమే మానేశాడు.

ముగ్గురు వైద్యుల్ని పిలిపించాడు. మొదటివాడు పిండి రుద్దాడు, మీసం పోలేదు. రెండోవాడు పసరు పూశాడు, మీసం పోలేదు. మూడోవాడు మైనం కాచి అంటించి లాగాడు. పిల్ల కెవ్వుమంది. నెల తిరక్కుండా మీసం మళ్ళీ వచ్చింది.

ముగ్గురిదీ ఒకటే మాట. "మా మందులో లోపం లేదు మహారాజా. పసితనంలో దాది నలుగు సరిగ్గా పెట్టి ఉండదు."

ఇంకేం, తప్పు మోపడానికి మనిషి దొరికింది. నూకాలును చెరలో వేయించి, "మూడు పున్నములు చూస్తాను. అప్పటికి నా కూతురి మూతి నున్నబడకపోతే, నలుగు పెట్టిన ఆ చేతులు రెండూ నరికిస్తాను" అన్నాడు రాజు.

"అలాగే బాబూ" అంది నూకాలు.

మందారమాల చెరసాల ఊచలు పట్టుకుని ఏడ్చింది. "నా మీసానికి నీ చేతులేమిటే అవ్వా? నీ తప్పు లేదని చెప్పవేం?"

"ఏడవకు తల్లీ. పోయి అన్నం తిను" అంది నూకాలు.

ఏడు సముద్రాల అవతల కంటకుడనే మాంత్రికుడి దగ్గర వెన్నెల పసుపు ఉందనీ, అది రాస్తే మీసం రాలిపోతుందనీ జనం చెప్పుకునేవారు. అన్నం సంగతి దేవుడెరుగు, పిల్ల తండ్రికి కబురంపి ఆ పూటే బయల్దేరింది.

రేవులో పడవంత రొయ్య ఒకటి వలలో చిక్కుకుని ఉంటే విడిపించింది. "వీపెక్కు, దాటిస్తాను" అంది రొయ్య.

"ఆడదానివి, నీకు ఇంతేసి మీసాలేమిటి?"

"మా అమ్మకీ ఉన్నాయి. ఎక్కుతావా, నన్ను పొమ్మంటావా?"

ఒక సముద్రం దాటారు, రెండు దాటారు, ఏడూ దాటారు. అవతల ముళ్ళకంచె. ఒక ఆడమేక కంచె మేసి దారి చేసింది.

"ఆడదానివి, నీకు గడ్డమేమిటి?"

"మా అమ్మకీ ఉంది. పద పద" అంది మేక.

కంచె దాటితే కోట గుమ్మంలో పాములు. ఒక ఆడపిల్లి వాటిని బుస్సుమని తరిమేసింది. దాన్నీ అడిగింది పిల్ల. "మా అమ్మకీ ఉన్నాయి మీసాలు. లోపలికి నడు" అంది పిల్లి.

లోపల పంజరంలో ముసలి చిలక ఉంది. "పసుపు కోసమా? అది వట్టి కొమ్ము పసుపే తల్లీ. ఆ మాంత్రికుడి ప్రాణం నాలో ఉంది. మీసమున్న ఆడపిల్ల ఈ తలుపు తీస్తే నేను ఎగిరిపోతాను, వాడు చస్తాడు. అందుకే ఆడపిల్లకు మీసం రావడం సిగ్గనీ, అది నలుగు పెట్టినవాళ్ళ తప్పనీ దేశదేశాలా వాడే చాటించాడు. తలెత్తుకు తిరిగే పిల్లయితేగా ఇంతదూరం వచ్చేది! మీ నాయనమ్మ మూడుసార్లు మనుషుల్ని పంపి ఈ పసుపు తెప్పించుకుంది. తను మాత్రం గడప దాటలేదు."

"మా నాయనమ్మా?" అంది పిల్ల.

అంతలో మాంత్రికుడు రానే వచ్చాడు. "ఛీ ఛీ, ఆ మూతేమిటి! కప్పుకో, కప్పుకో!" అని అరిచాడు.

అలవాటుకొద్దీ పిల్ల చెయ్యి ఓణీ చెంగు మీదికి పోయింది. అప్పుడు నూకాలు చేతులు గుర్తొచ్చాయి. చెంగు వదిలేసి పంజరం తలుపు తీసింది. చిలక తుర్రుమంది, మాంత్రికుడు బూడిదకుప్ప అయ్యాడు.

మూడో పున్నమి పొద్దున నూకాలు చేతులు కొయ్యమొద్దు మీద పెట్టించారు. అప్పుడే రొయ్య వీపు దిగి మందారమాల సభలోకి పరుగెత్తుకొచ్చింది, మీసంతోనే.

"పసుపేది?" అన్నాడు రాజు.

"ఆ పసుపులో ఏమీ లేదు నాన్నగారూ. నాయనమ్మకీ మీసం ఉండేదట."

"నోర్ముయ్! మా అమ్మ మొహం చంద్రబింబం!" అంటూ గోడ మీది రాజమాత బొమ్మ చూపించాడు. బొమ్మలో ఆవిడ మూతి అద్దంలా ఉంది మరి.

మందారమాల సింహాసనం మెట్లెక్కి తండ్రి మెడ కావలించుకుని బుగ్గ మీద ముద్దు పెట్టింది.

బుగ్గ గరగరమంది. రాజు చెయ్యి బుగ్గ మీదే ఉండిపోయింది.

"మా అమ్మకీ... ముద్దు పెడితే ఇలాగే..." అన్నాడు. కళ్ళమ్మట నీళ్ళు కారాయి. నూకాలు వైపు తిరిగి, "నీకు తెలుసా?" అని అడిగాడు.

"తెలుసు బాబూ. రోజూ ఆవిడ మూతి నున్నగా చేసింది ఈ చేతులే. ఎవరికీ చెప్పనని ఒట్టేశాను."

"చేతులు పోతాయని తెలిసి కూడానా?"

"ఒట్టు ఒట్టే కదా బాబూ."

రాజు మెట్లు దిగొచ్చి ఆ చేతులు కళ్ళకద్దుకున్నాడు.

పెళ్ళెప్పుడంటారా? పదమూడేళ్ళ పిల్లకు పెళ్ళేమిట్రా, బుద్ధి లేకపోతే సరి! ఇరవై దాటాక, నచ్చినవాణ్ణి చేసుకుంది. మీసం ఉంచుకోవాలనిపించిన నాడు ఉంచుకుంది, తీయించాలనిపించిన నాడు నూకాలుతో తీయించుకుంది. మొగుడూ పెళ్ళాం ఇద్దరూ అరవై ఏళ్ళు చల్లగా ఏలారు.

అసలు సంగతి మరిచాను. ఆ పున్నమినాడే రాజు చిత్రకారుణ్ణి పిలిచి, "మా అమ్మ బొమ్మకు మీసం గియ్యి" అన్నాడు.

వాడు కుంచె తీసి, "ఎంత గియ్యమంటారు మహాప్రభో?" అన్నాడు.

రాజు బుగ్గ తడుముకున్నాడు.

"గుచ్చుకునేంత" అన్నాడు.