చెంగమ్మ ఎక్కితే దగ్గే బండి

మదనపల్లె దగ్గర ఒక పల్లెలో, తన తప్పు తప్ప లోకంలో అందరి తప్పులూ ఇట్టే కనిపెట్టే రెడ్డెప్ప అనేవాడు పాత పెట్రోలు పికప్ బండి నడుపుకుంటూ ఉండేవాడు. బండి ఆగితే పెట్రోలులో కల్తీ అనేవాడు. టైరు పేలితే రోడ్డు వేసినవాణ్ణి తిట్టేవాడు. ఇంజన్ల గురించి ఈ కథ చెప్పేవాడికన్నా అతనికి కొంచెం ఎక్కువే తెలుసు. అంటే, మొత్తం మీద కొంచెమే తెలుసు.

రోజూ తెల్లవారగానే రైతులనూ వాళ్ళ టమాటా క్రేట్లనూ ఎక్కించుకుని మండీలో వేలానికి తోలేవాడు. చిట్టచివర, కనుమ మొదట్లో, చెంగమ్మ ఎక్కేది. మొగుడు పోయాక అరెకరంలో టమాటా పెట్టి పిల్లల్ని సాకుతున్న మనిషి.

ఆ నెలలో బండికి కొత్త జబ్బు పట్టుకుంది. చెంగమ్మను ఎక్కించుకుని కనుమ ఎక్కడం మొదలుపెట్టగానే ఇంజన్ మిస్సింగ్. టపటపమని దగ్గి, ఊగిపోయి, ఆగినంత పని చేసేది. చదును మీద మాత్రం గుర్రమే.

రెడ్డెప్ప ఒక సాయంత్రం పరీక్ష పెట్టాడు. ఖాళీ బండితో, ఒక్కడే కనుమ ఎక్కి దిగాడు. ఒక్క దగ్గు లేదు. ప్లగ్గులు చూడలేదు, వైర్లు తడమలేదు. చెంగమ్మ లేదు, దగ్గూ లేదు, ఇంక చూసేదేముంది అనుకున్నాడు. బండిలో బరువు కూడా లేదన్న సంగతి అతనికి తట్టలేదు.

మర్నాడు కనుమ మొదట్లో బండి ఆపాడే గానీ వెనక తలుపు తెరవలేదు.

"నువ్వెక్కితేనే బండి చెడతా ఉంది చెంగక్కా. ఏమనుకోవద్దు, నీ అడుగు మంచిది కాదు."

చెంగమ్మ చేతిలోని క్రేటు చేతిలోనే ఉండిపోయింది.

"పండు కాయలు నాయనా. రేపటికి ఆగవు."

బండిలోని రైతులు ఇబ్బందిగా కదిలారు. ఆమె మీద జాలితో కాదు, తమ కాయలకు వేలం దాటిపోతుందేమోనని.

బండి కదిలింది. మొదటి మలుపు దాటి ఎత్తు మొదలైందో లేదో, మళ్ళీ టపటప. రెడ్డెప్ప బండిని పక్కకు నిలిపాడు. వెనక క్రేట్ల మధ్య కూర్చున్న ముసలి గంగిరెడ్డి తల ముందుకు పెట్టి, చెంగమ్మను ఎక్కించుకోనే లేదు గదా, ఇప్పుడు మాలో ఎవర్ని దించుతావప్పా అని తాపీగా అడిగాడు. రైతులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ తర్వాత అందరూ కలిసి రెడ్డెప్ప మొహం చూశారు.

అతను దిగి, ఇంజన్ ఆపకుండానే బానెట్ ఎత్తాడు. లోపల దిష్టికి కట్టిన నిమ్మకాయలు, మిరపకాయలు వేలాడుతున్నాయి. ఇదివరకు బంపరుకే కట్టేవాడు. మేకలు పీకేస్తున్నాయని ఆ నెలలోనే బానెట్ లోపలికి మార్చాడు. ఇనుప తీగతో, ఒక కొస బోల్టుకు, ఇంకో కొస చేతికందిన నల్ల వైరుకు. నిమ్మకాయ పక్కకు తిరిగిందేమో, సరిచేద్దామని చెయ్యి పెట్టాడు. ఎవరో గుంజి కొట్టినట్టు వెనక్కి ఎగిరి రోడ్డు మీద కూలబడ్డాడు.

లేచి దగ్గరగా చూశాడు. ఆ నల్ల వైరు ప్లగ్గుకు పోయేది. ఇనుప తీగ ఒరుసుకుని దాని పైతొడుగు తెగింది. ఖాళీ బండి ఎలాగో నెట్టుకొస్తోంది గానీ, బరువుతో ఎత్తెక్కేటప్పుడు ప్లగ్గులో పడాల్సిన నిప్పురవ్వ తీగ మీదుగా బోల్టులోకి దూకేస్తోంది. బండికి ఎవరి కన్నూ తగలకుండా తానే, తన చేత్తోనే కట్టిన తీగ.

తీగ తెంపి, వైరుకు టేపు చుట్టాడు. నిండు బరువుతో బండి దగ్గకుండా కనుమ ఎక్కింది.

క్రేట్లు మండీలో దించి ఖాళీ బండితో పరుగున వెనక్కి వచ్చాడు. అప్పటికి వేలం ముగిసిపోయింది. చెంగమ్మ ఎండకు పగిలిన కాయలను రోడ్డు వారన ఆవుల ముందు పోస్తోంది. రెడ్డెప్ప తప్పు తనదేనన్నాడు. బండి బాగయిందన్నాడు. రేపటి నుంచి ముందు ఇక్కడికే వచ్చి నీ క్రేట్లే ఎక్కిస్తానన్నాడు.

ఆమె ఖాళీ క్రేటు బోర్లించి దుమ్ము దులిపింది.

"రేపటి కాయలు రేపు తీసకపోదువులే నాయనా. పొద్దున అందరి ముందర అన్న మాటను ఎట్ల వెనక్కి తీసకపోతావు?"

బానెట్లో తగిలిన దెబ్బకైనా రెడ్డెప్ప లేచి నిలబడ్డాడు. ఈ దెబ్బకు తల వంచుకుని, ఆమె వైపు చూడకుండా బండెక్కాడు.

నీతి: మన బానెట్ కింద వెతకాల్సిన తప్పును ఎదుటివాళ్ళ మొహంలో వెతికితే, తప్పూ దొరకదు, తర్వాత వాళ్ళకు మన మొహమూ చూపించలేం.