ఇసుక దారి మీద హైమవతి

నంద్యాలలో హైమవతి అనే ఆవిడ ఉండేది. ఒంట్లో ఎలా ఉన్నా, మనసులో ఏమున్నా, ఎవరడిగినా "నాకేం, బాగానే ఉన్నాను" అనడం ఆమెకు అలవాటు. జ్వరంతో ఒళ్ళు కాలిపోతున్నా అదే మాట. ఆకలితో కళ్ళు తిరుగుతున్నా అదే మాట. తను అలా ఉంటేనే పిల్లలు నిశ్చింతగా ఉంటారని ఆమె నమ్మకం.

పిల్లలు ఇందుజ, ప్రణవ్ ఇద్దరూ బెంగళూరులో ఉద్యోగాలు చేసేవారు. సెలవులు దొరికితే చాలు, వీపున సంచులు తగిలించుకుని ఏ కొండలకో, ఏ సముద్రాలకో వెళ్ళిపోయేవారు. ఒక ఏడు అండమాన్ దీవులకు బయలుదేరుతూ, "ఈసారి మీరిద్దరూ కూడా రావాల్సిందే" అని పట్టుబట్టారు. హైమవతి భర్త పురుషోత్తం చిన్నపిల్లాడిలా సంబరపడ్డాడు. హైమవతికి నీళ్ళంటే చెప్పలేనంత భయం. అయినా, "నాకేం, వస్తాను" అంది.

పడవ వాళ్ళను ఒక చిన్న దీవికి చేర్చింది. అక్కడి నీళ్ళు ఎంత తేటగా ఉన్నాయంటే, పడవ నీడ అడుగున ఇసుక మీద పెద్ద చేపలా కదులుతూ కనిపించింది. ఒడ్డున చెట్లు ఆకాశాన్ని అందుకుంటున్నాయి. తడి ఆకుల వాసన గాలిలో తేలివస్తోంది. హైమవతికి తను మెలకువగా ఉందో, మధ్యాహ్నపు కునుకులో ఉందో తెలియలేదు.

"ఇంత నీలం ఇన్నాళ్ళూ ఎక్కడ దాచిపెట్టారే?" అంది కూతురితో.

ఇందుజ నవ్వి తల్లి భుజం మీద తల వాల్చింది.

మర్నాడు పొద్దున్నే దీవి చివర సముద్రంలో ఉన్న ఇసుక తిన్నెను చూడడానికి నలుగురూ బయలుదేరారు. ముందు అడవిలో నడవాలి. ఆ తర్వాత సముద్రం మధ్య నుంచి సన్నటి ఇసుక దారి ఉంటుంది. "పోటు వచ్చిందంటే ఆ దారి మునిగిపోతుంది. ఎండ నడినెత్తికి రాకముందే ఇవతలికి వచ్చేయండి" అని బస ఇచ్చిన ఆయన మరీ మరీ చెప్పాడు.

అడవిలో కొంతదూరం నడవగానే పురుషోత్తం ఆగిపోయాడు.

"ఒరే ప్రణవ్, నా సంచి నువ్వు పట్టుకోరా. నడుం లాగేస్తోంది."

ప్రణవ్ అప్పటికప్పుడే తీసుకున్నాడు. హైమవతి మాత్రం భర్త వైపు కోపంగా చూసింది.

"పిల్లల మీద బరువు వేస్తారేమిటండీ?" అని గొణిగింది.

నిజానికి అప్పటికే ఆమె కొత్త బూట్లు మడమలను కొరికేస్తున్నాయి. పళ్ళు బిగబట్టి నడిచింది. తిన్నె మీదికి చేరాక ఆ నొప్పి కాసేపు మరిచిపోయింది. తెల్లటి ఇసుక, చిన్న చిన్న గవ్వలు, చుట్టూ నీళ్ళ గలగల తప్ప మరో చప్పుడు లేదు. నలుగురూ మాటలు కూడా మానేసి కూర్చుండిపోయారు.

ఇక పోటు వేళ అవుతోందని ప్రణవ్ అందరినీ లేపాడు. ఇసుక దారి మీద హైమవతి వెనకబడింది.

"అమ్మా, కాళ్ళు నొప్పెడుతున్నాయా? కుంటుతున్నావేం?" అని ఇందుజ అడిగింది.

"నాకేం, బాగానే ఉన్నాను. గవ్వలు ఏరుకుంటూ వస్తాను. మీరు నాన్నను చూసుకోండి."

అమ్మ మాట నమ్మి వాళ్ళు ముందుకు సాగారు. హైమవతి ఒక రాతి మీద కూలబడి బూట్లు విప్పి, తాళ్ళు ముడేసి మెడలో వేసుకుంది. మడమలు చిట్లి నెత్తురు కారుతున్నాయి. పాదాలు నీళ్ళలో పెడితే మొదట చురుక్కుమంది, తర్వాత హాయిగా అనిపించింది. అలలు మెల్లగా వచ్చి పోతున్నాయి. కళ్ళ ముందు వెలుగు చుక్కలు నీటిమీద ఆడుతున్నాయి. ఆమె రెప్పలు మూతలు పడ్డాయి.

ఉలిక్కిపడి చూసేసరికి దారి లేదు. ముందూ నీళ్ళే, వెనకా నీళ్ళే. లేచి రెండడుగులు వేసింది. మోకాళ్ళు మునిగాయి. ఇంకాస్త ముందుకు వెళ్తే నడుము మునిగింది. అల ఒకటి తోసేసరికి కాలు జారి, ఉప్పునీళ్ళు నోట్లోకి పోయాయి. దూరంగా ఒడ్డున పిల్లలు కనిపిస్తున్నారు. పిలవాలి. కానీ ఆ పిలుపు ఆమె గొంతుకు అలవాటు లేదు. మరో అల వచ్చింది.

"అమ్మడూ! నా వల్ల కావడం లేదే! రండర్రా!"

ఇందుజ సంచి విసిరేసి నీళ్ళలోకి పరుగెత్తింది. వెనకే ప్రణవ్. చెరో పక్కన పట్టుకుని తల్లిని ఒడ్డుకు తెచ్చారు. ఒడ్డెక్కాక చూస్తే ఇందుజ అరికాలు పగడపు రాయి తగిలి లోతుగా తెగింది. ఇసుక మీద ఎర్రటి అడుగులు పడ్డాయి.

హైమవతి కూతురి కాలు ఒళ్ళో పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. "నా వల్లే కదే ఇదంతా! నిన్నెందుకు ఇబ్బంది పెట్టడమని చెప్పలేదు."

ప్రణవ్ తుండుగుడ్డ చింపి కట్టు కట్టాడు. ఇందుజ నొప్పి ఓర్చుకుంటూ అంది: "అమ్మా, నువ్వు బాగున్నానంటే మేం నమ్మేశాం. నమ్మడం మా తప్పా? నాన్న సంచి ఇచ్చేస్తే మాకు బరువనిపించలేదు. నువ్వు ఏదీ చెప్పకపోతేనే మాకు దిగులు."

హైమవతి కళ్ళు తుడుచుకుని, "మడమలు మండిపోతున్నాయి. నీళ్ళంటే భయం. ఇంటి దగ్గర బయలుదేరినప్పటి నుంచీ భయంగానే ఉంది" అంది. పురుషోత్తం ఆమె మెడలోని బూట్లు తన చేతిలోకి తీసుకున్నాడు. ప్రణవ్ తల్లిని వీపున ఎక్కించుకున్నాడు. ఇందుజ తండ్రి భుజం ఆసరాగా కుంటుకుంటూ నడిచింది.

రెండు రోజుల తర్వాత, పొద్దుటి వెలుగులో, అలల్లేని ఒక చిన్న మడుగు దగ్గర హైమవతి నిలబడింది. "ఒక్కసారి నీళ్ళ మీద తేలి చూడాలని ఉంది. కానీ గట్టిగా పట్టుకోండి" అంది. ప్రణవ్ ఒక వైపు, పురుషోత్తం ఒక వైపు చేతులు వేశారు. కట్టుకట్టిన కాలితో ఇందుజ ఒడ్డున కూర్చుని, "భయమేస్తే చెప్పమ్మా" అని కేకేసింది.

"వేస్తోందే! అయినా బాగుంది. ఇంకాసేపు ఉందాం" అంది హైమవతి, ఆకాశం వైపు చూస్తూ.

బాధను దాచుకుంటే మనవాళ్ళ బరువు తగ్గదు. నోరు తెరిచి చెప్పుకుంటేనే, ప్రేమించేవాళ్ళు సమయానికి చెయ్యి అందించగలరు.