చందా పుస్తకంలో మొదటి వరస

కొండ వెనక చిట్టడవిలో జంతువులకు ఒక ఆసుపత్రి ఉండేది. ఎవరో వదిలేసిపోయిన గడ్డిపాకే ఆసుపత్రి, కొంగే వైద్యుడు. పొడుగాటి ముక్కుతో ముల్లు తీస్తే తీసిన సంగతే తెలిసేది కాదు. వైద్యానికి ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకునేది కాదు కూడా. మరి మందుకి మిరియాలూ తేనే, పడకకి ఎండుగడ్డీ ఎక్కణ్ణుంచి వస్తాయి? అందుకోసం ఒక సంఘం ఉండేది. అందులో చేరినవాళ్ళకి జీతం లేదు, భత్యం లేదు. జోలె భుజాన వేసుకుని గడప గడపకీ తిరిగి అడగడమే పని. ముసలి ఎద్దు సంఘానికి పెద్ద, నక్క కార్యదర్శి.

ఆ కార్తీకంలో తాబేలు ఇక తిరగలేనని సంఘం నుంచి తప్పుకుంది. ఆ ఖాళీలోకి రమ్మని ఎద్దు వెళ్ళి గొర్రెను పిలిచింది.

ఆ కబురు చెవిన పడ్డప్పటి నుంచి మేకపోతుకి మేత సయించలేదు. పోయి పోయి గొర్రెనా? ముందుది గోతిలో పడితే వెనకదీ అందులోనే పడే జాతి. బారెడు గడ్డంతో బండరాయి మీద ఠీవిగా నిలబడే తనని మాటవరసకైనా అడగరా? మేకపోతు గాంభీర్యమని లోకం ఊరికే అంటుందా? లోకం ఆ మాట నవ్వుతూ అంటుందని మాత్రం దానికి ఎవరూ చెప్పలేదు.

పుండు మీద కారం చల్లినట్టు, అడవిలో అందరూ గొర్రెను మెంబరమ్మా అని పిలవడం మొదలుపెట్టారు. కుందేళ్ళు దారిచ్చాయి. ఒక ఉడత అయితే గొర్రె కనపడగానే లేచి నిలబడింది. ఉడత నిలబడితే ఎంత, కూర్చుంటే ఎంత? అయినా మేకపోతు కడుపులో కుంపటి రాజుకుంది.

ఉండబట్టలేక ఎద్దు దగ్గరికి వెళ్ళి నిలదీసింది. ఎద్దు నెమరు ఆపకుండానే జవాబు చెప్పింది. గొర్రె అడిగితే లేదనడానికి ఎవరికీ నోరు రాదట, ఇంకొకరి కోసం చెయ్యి చాచడానికి దానికి సిగ్గూ లేదట, అందుకే పిలిచారట. సిగ్గులేకపోవడం కూడా ఒక యోగ్యతేనా అని మేకపోతు ఇంకా మండిపడింది.

నక్క పక్కనే ఉండి అంతా వింది. చలి ముంచుకొస్తోంది, పాకలో రోగులకు పరుపులు లేవు, విరిగిన కాళ్ళకి కట్టు కట్టడానికి తాళ్ళు లేవు. అసూయపడ్డవాడి చేత రాయించినంత చందా భక్తుడి చేత కూడా రాయించలేమని నక్కకి బాగా తెలుసు. ఎక్కువ ఇచ్చినవాళ్ళకే ఆ చోటు ఇద్దామని ఎద్దును ఒప్పించి, చందా పుస్తకం తెరిచింది.

చందా పుస్తకం చేతికిస్తే ఎవరైనా ముందు పై వరస చూస్తారు. పైవాడు ఏం రాశాడో చూసుకుని, పరువు పోకుండా, చేతికి బరువు కాకుండా తమది రాస్తారు. ఎప్పటినుంచో ఉన్న మర్యాద అది.

"ముందు గొర్రె రాస్తుంది. ఆ కింద తమరు చూసుకుని రాయండి" అంది నక్క.

"దాని కిందా నేను? మొదటి వరస నాది."

"మొదట రాసేవారికి కింద ఏం పడుతుందో తెలీదు కదండీ. కాస్త ఆలోచించండి" అంది నక్క, ఎక్కడ ఆలోచిస్తుందోనని లోపల భయపడుతూ.

"ఆలోచించడానికేముంది? ఆ గొర్రె ఏదిస్తే నేనూ అదే ఇస్తాను. పైన ఇంకొకటి అదనం. రాసుకో."

నక్క అక్షరం పోకుండా రాసుకుని, కింద గిట్ట ముద్ర వేయించుకుంది.

మర్నాడు పొద్దున అందరూ పాక ముందు చేరారు. గొర్రె వచ్చి మొదటి వరస చదివింది. తర్వాత మేకపోతు దగ్గరికి వచ్చి మెల్లిగా చెప్పింది.

"బావా, నేను ఇద్దామనుకున్నది నీకు సరిపడేది కాదు. ఆ మాట వెనక్కి తీసుకో. ఎవరూ ఏమీ అనుకోరు."

మేకపోతుకి ప్రాణం లేచొచ్చింది. ఇవ్వడానికి దీని దగ్గర ఏమీ లేదన్నమాట, అందుకే బతిమాలుతోంది.

"నీ బోడి దానానికి జడుస్తాననుకున్నావా? రాయవే మరదలా, రాయి."

గొర్రె నిట్టూర్చి నక్క వైపు తిరిగింది. "నా ఒంటిమీది ఉన్ని అంతా ఆసుపత్రి పరుపులకి. అలాగే రాయి."

నక్క పుస్తకంలోకి తొంగి చూసింది. "అయితే తమరి ఒంటిమీద బొచ్చంతా. పైన ఇంకొకటి అదనం అన్నారు."

అందరి చూపులూ మేకపోతు గడ్డం దగ్గర ఆగాయి. పులిని చూసి వాతలు పెట్టుకున్నట్టుందని అనబోయిన ముంగిస, వాతలు పెట్టుకున్నది ఎవరో గుర్తొచ్చి నక్క ముందు నోరు మూసుకుంది.

అప్పుడైనా నవ్వేసి ఓడిపోయానంటే అక్కడితో పోయేది. కానీ గొర్రె చూస్తోంది. గొర్రె ముందు తగ్గడం కన్నా చావు మేలనుకుని మేకపోతు మెడ చాచింది. ఎలుకలు వచ్చి మధ్యాహ్నానికల్లా ఇద్దరినీ నున్నగా గొరిగి పెట్టాయి.

గొర్రెకి ఏమీ కాలేదు. వందమంది అక్కచెల్లెళ్ళ మధ్య ఒరుసుకుని పడుకునేదానికి చలి ఎక్కడిది? ఎవరితోనూ కలవకుండా బండరాయి మీద ఒంటరిగా పడుకునే మేకపోతుకి మాత్రం పళ్ళు కటకటలాడాయి.

ఎద్దు మాట తప్పలేదు. జోలె తెచ్చి మేకపోతు భుజాన వేసింది. "చోటు నీదే నాయనా. రేపు కుందేళ్ళ వాడకి వెళ్ళి అడిగి రా."

మేకపోతు మడుగులో తన మొహం చూసుకుంది. ఈ బోడి గడ్డంతో ఎవరి గుమ్మంలో నిలబడాలి? పొదల్లో దూరి మూడు రోజులు బయటికి రాలేదు. నాలుగో రోజు చలిజ్వరంతో వణుకుతుంటే మోసుకెళ్ళి పాకలో పడుకోబెట్టారు. గొర్రె ఉన్ని పరుపు మీదే పడుకోబెట్టారు. మేకపోతు బొచ్చు గరుకని కొంగ దాన్ని తాడుగా పేని, లేడి కాలికి కట్టు కట్టింది.

జోలె మళ్ళీ గొర్రె భుజానికి చేరింది. పాక వెనకనుంచి దాని గొంతు వినపడుతోంది. "మా బావకి చలిజ్వరం. గుప్పెడు మిరియాలు పెట్టండమ్మా." కుందేళ్ళు పెట్టాయి, ముంగిస పెట్టింది, ఉడత కూడా పెట్టింది. ఎవరూ లేదనలేదు.

తన కోసమే అడుగుతోందని మేకపోతుకి తెలుసు. ఆ కషాయం దిగేది తన గొంతులోకేననీ తెలుసు. అయినా వెచ్చటి ఉన్నిలో పడుకుని, ఎన్ని ఇళ్ళవాళ్ళు దానికి పెట్టారో లెక్కపెట్టుకుంటూ కుళ్ళిపోయింది.

ఓర్వలేక ఇచ్చిన దానానికి పుణ్యం రాదు సరికదా, ఒంటిమీద ఉన్న వెచ్చదనమూ పోతుంది.